వేరే ఇంకుతో రాసిన రెండు పరుగులు

మా క్యాంపస్ గ్రౌండ్‌లో ఆ మహానుభావుడు డబుల్ సెంచరీ కొట్టిన రోజున స్కోరు పుస్తకం నా ఒళ్లో ఉంది. ఆయన కొట్టాడు, నేను రాశాను. నేను రాయకపోతే ఆయన కొట్టిందంతా గాలికి పోయేది. ఈ మాట తార్నాక చౌరస్తాలో నాతో టీ తాగిన ప్రతివాడికీ చెప్పాను. మీకూ చెప్తున్నాను. కాస్త ఓపిక పట్టండి, ఇందులో నిజమెంతో కూడా నేనే చెప్తాను.

మాది సీమ. పెళ్లికి ముందే ఈ ఊరొచ్చి, యూనివర్సిటీ వ్యాయామ విద్యా విభాగంలో గుమాస్తాగా చేరి, అదే గదిలో అదే ఫ్యాను కింద సూపరింటెండెంటునై రిటైరయ్యాను. ఆ ఉద్యోగానికి నాకున్న అసలు అర్హత అనుమానం. షటిల్ కాక్‌ల డబ్బా వస్తే ఒక్కొక్కదానికీ ఈకలు లెక్కపెట్టేవాణ్ని. గ్రౌండ్‌లో గీతలు గీసే సున్నం బస్తా వస్తే గుప్పెడు తీసి వాసన చూసేవాణ్ని, బూడిద కలిపారేమోనని. మౌలాలి నుంచి సైకిల్ మీద వచ్చే మా అటెండరు నా ఎదుటే అనేవాడు:

"సారుకు తన నీడ మీద గూడ డౌటే. నా ఎనక ఎందుకొస్తున్నవని దాన్ని అడుగుతడు."

అడిగేవాణ్నే. తప్పేముంది?

మన ఆటగాడి సంగతి చెప్పాలి. ఆయనది ముషీరాబాద్. తండ్రికి పరుపుల దుకాణం. ఆ గల్లీ ఎంత ఇరుకంటే, బంతిని కాస్త అటో ఇటో కొడితే ఎవరిదో ఒకరి కిటికీ అద్దం పగిలేది, ఆ సాయంత్రం ఇంట్లో వీపు పగిలేది. అందుకని చిన్నప్పట్నుంచీ బంతిని తిన్నగా, బౌలర్ పక్కనుంచి కొట్టడం ఒక్కటే నేర్చుకున్నాడు. పెద్దయ్యాక అదే షాట్ చూడ్డానికి జనం క్లాసులు ఎగ్గొట్టి వచ్చేవారు. యూనివర్సిటీకి నాలుగేళ్లు, ఆ తర్వాత రాష్ట్రానికి చాన్నాళ్లు ఆడాడు. దేశానికి ఆడలేదు. ఎందుకు ఆడలేదన్నదానికి తార్నాకలో ఎన్ని హోటళ్లున్నాయో అన్ని కథలున్నాయి.

అందులో కొన్ని నావే. ఆయన సిక్సర్ కొడితే బంతి లాలాపేటలో ఒకరి పెరట్లో ఉడుకుతున్న పప్పులో పడిందన్న కథ నేనే పుట్టించాను. నిజానికి ఆ బంతి మా సైకిల్ స్టాండు దాకా కూడా రాలేదు. కానీ తర్వాత కొన్నేళ్లకి, ఆ పప్పు తిన్నామని చెప్పినవాళ్లు ఇద్దరు నాకే తగిలారు. వాళ్లను నేను అనుమానించలేదు. ఎలా అనుమానిస్తాను, పప్పు పెట్టింది నేనే కదా!

తొంభైల మధ్యలో ఈ వ్యవహారమంతా జరిగింది. కుర్రాళ్లు హాస్టల్ గోడల నిండా కొత్త హీరోల బొమ్మలు అంటించుకుంటున్న రోజులవి. మ్యాచ్ ఉందంటే హోటల్లో టీవీ కింద నిలబడ్డానికి చోటుండేది కాదు. మా డైరెక్టర్‌గారికి ఒకరోజు తట్టింది, మనకీ ఒక హీరో ఉన్నాడు కదా, అతన్నెందుకు వదిలేశామని. పెవిలియన్ గోడ మీద ఒక చెక్క బోర్డు పెట్టాలి. బంగారు రంగులో ఆయన పేరు, పేరు కింద '200 నాటౌట్'. ఈ గ్రౌండ్‌లో అప్పటిదాకా ఇంకెవరూ కొట్టని డబుల్ సెంచరీ అది.

అయితే యూనివర్సిటీలో మేకు కొట్టాలన్నా ఫైలు ఉండాలి. ఆ స్కోరు నిజమేనని పుస్తకం చూసి ధ్రువీకరించాలి. పాతికేళ్లనాటి ఆ పుస్తకం నా బీరువాలో అడుగు అరలో ఉంది.

తీశాను. పురుగు తినగా మిగిలిన పేజీ. ఆయన పేరు పక్కన వరసగా ఒకట్లు, రెళ్లు, నాలుగులు. అన్నీ నల్ల ఇంకు. చిట్టచివర ఒక్క 2 మాత్రం నీలం ఇంకు. కింద మొత్తం కూడా నీలమే. ఆ ఒక్క అంకె తీసేస్తే ఆయన స్కోరు నూట తొంభై ఎనిమిది.

నా ఒళ్లు జలదరించింది. భయంతో కాదు, ఆనందంతో. ఇన్నేళ్లు ఈకలు లెక్కపెట్టినవాడి చేతికి ఇంత పెద్ద పక్షి చిక్కింది!

ఆ చేతిరాత ఎవరిదని అడుగుతారు. రాసింది నేనేనని మొదట్లో అన్నాను కదా, అది కొంచెం సాగదీశాను. రాసింది మాస్టారు. తార్నాకలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవారు, తక్కిన సెలవు రోజుల్లో మా మ్యాచ్‌లకి స్కోరు రాసేవారు. ఆయన పక్కన ఇంకో స్టూలు మీద కూర్చోవడం నా ఉద్యోగంలో భాగం. స్కోరు బోర్డు మీద రేకు అంకెలు తగిలించేవాణ్ని. అంపైర్ సైగ చేస్తే, మాస్టారు తల వంచి రాసుకుంటుంటారు గనక, 'చూశాం' అని తెల్ల రుమాలు ఊపేవాణ్ని. పుస్తకం నా ఒళ్లో ఉన్నది ఆయన నీళ్లు తాగడానికి లేచినప్పుడు.

ఇప్పుడు మాస్టారి గురించి ఒక సంగతి తెలియాలి. ఈ ఫైలు నడుస్తున్న ఏడాదే చలికాలంలో మా ఊళ్లో రెండు దేశాల మధ్య పెద్ద మ్యాచ్ జరగబోతోంది. అన్నేళ్లు కాలేజీ మ్యాచ్‌లు, బ్యాంకుల మ్యాచ్‌లు ఎండలో కూర్చుని రాసిన మాస్టారి పేరు మొట్టమొదటిసారి ఆ మ్యాచ్ స్కోరర్ల జాబితాలో చేరింది. ఆయన కొత్త పెన్ను కొన్నారు. వాళ్లావిడ తెల్లచొక్కా కుట్టించింది. చర్చిలో పాస్టరుగారు ప్రార్థనలో ఆ మాట కూడా కలిపారట. ఇది నాకు తెలుసు. తెలిసే ఆ పేజీని మూడుసార్లు దీపం కింద పెట్టి చూశాను.

అదే నెలలో మా ఆటగాడు ఆఫీసుకి మూడుసార్లు వచ్చాడు. అప్పటికి యాభైకి దగ్గరపడ్డ మనిషి, నుదుటి మీద జుట్టు పల్చబడింది, నడక మాత్రం క్రీజులోకి వస్తున్నట్టే ఉండేది. మూడోసారి అటెండరు లోపలికొచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, గాయన మళ్లొచ్చిండు. గా పాత పుస్తకం ఒక్కసారి చూపియ్యమంటున్నడు. నేనొక్కణ్నే చూస్త అంటున్నడు."

"ఒక్కడే యాల చూడాల?"

"గదే గద నాకు సమజ్ గాలె."

నాకు సమజ్ అయిపోయింది. బోర్డు ఎక్కబోతున్నాడు, ఆ నీలం అంకె సంగతి ఆయనకీ తెలుసు, పేజీ చింపుకుపోదామని వస్తున్నాడు. బీరువాకి రెండో తాళం వేశాను. డైరెక్టర్‌గారి దగ్గర ఉందని చెప్పి పంపించమన్నాను.

నాలుగు రోజుల తర్వాత తార్నాకలో ఇరానీ హోటల్లోకి అడుగుపెట్టేసరికి మూల బల్ల దగ్గర ఇద్దరూ కనిపించారు, ఆటగాడూ మాస్టారూ. మధ్యలో ఒక కాగితం. మాస్టారు దాన్ని చదువుతూ తల అడ్డంగా ఊపుతున్నారు. నేను స్తంభం చాటున ఆగాను. ఆగితే ఆగాను గాని, నా పొట్టకి ఆ స్తంభం చాటు చాల్లేదు.

"ఏం మియా, గాడనే నిలబడ్డవేంది?" అన్నాడు ఆటగాడు. "రా, కూసో."

"ఏమి సార్, పాత దోస్తీ మళ్లా మొదలైనట్టుందే," అన్నాను కుర్చీ లాక్కుంటూ.

"ఆగితే గద మళ్ల మొదలయ్యేది."

ఈలోపు మాస్టారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. నావైపు చూసి, "ఎండ బాగా ముదిరిందండీ," అన్నారు.

బయట మబ్బు పట్టి ఉంది. ఇంకేం కావాలి? ఇద్దరూ కలిసే చేశారని తేల్చేశాను. పాతికేళ్ల కింద ఒకడు అడిగాడు, ఇంకొకడు రెండు పరుగులు కలిపాడు. చర్చిలో హార్మోనియం వాయించే చేత్తో!

మర్నాడు ఫైల్లో నోటు పెట్టాను: 'చివరి నమోదు భిన్నమైన ఇంకుతో ఉన్నది. తదుపరి చేర్చినట్లు అనుమానించుటకు ఆస్కారమున్నది. స్కోరరు వివరణ కోరవచ్చును.' ఆ 'ఆస్కారము' దగ్గర అరగంట ఆలోచించాను. నా సర్వీసు మొత్తంలో అంత మంచి వాక్యం ఇంకోటి రాయలేదు.

వివరణకి పిలిచిన రోజున డైరెక్టర్‌గారి గదిలో నలుగురం ఉన్నాం: ఆయన, ఆటగాడు, మాస్టారు, నేను. తలుపు బయట అటెండరు. పుస్తకం బల్ల మీద విప్పి పెట్టాను, నీలం అంకె వాళ్లవైపు ఉండేట్టు.

"ఇదేంటి మాస్టారూ?" అన్నారు డైరెక్టర్‌గారు.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చూశారు. "పెన్నులో ఇంకు అయిపోయిందండి. సంచిలో ఇంకో సీసా ఉంటే పోసుకున్నాను. అది నీలం సీసా అయింది."

"సరిగ్గా నూట తొంభై ఎనిమిది కాడనే అయిపోయిందా మాస్టారూ?" అన్నాను.

"ఇంకుకి స్కోరు తెలీదు కదయ్యా."

అప్పుడు ఆటగాడు గొంతు సవరించుకున్నాడు. "సాబ్, మాస్టర్‌ను అడగకుండ్రి. గా రెండు నావి గావు."

డైరెక్టర్‌గారు పెన్ను కింద పెట్టారు.

"బాల్ బ్యాట్‌కు తగల్లే. ప్యాడ్‌కు తగిలింది. తగిలిన కాలు నాది, నాకు తెల్వదా? లెగ్ బై, గా పరుగులు టీముకు పోతయ్, నాకు గాదు. రెండు ఉరికినం. ఉరికి ఇట్ల తిరిగి చూస్తే బోర్డు మీద రెండు వందలున్నది. అందరు లేసి చప్పట్లు. లోపట్నుంచి మా కెప్టెన్ చేతులూపుతున్నడు, డిక్లేర్, వచ్చెయ్ అని. నేను బ్యాట్ లేపేసిన." ఆయన డైరెక్టర్‌గారివైపు తిరిగాడు. "లేపిన బ్యాట్‌ను ఎట్ల దించాలె సాబ్? ఇన్నేండ్ల సంది దించనీకె చూస్తున్న. మాస్టర్‌కు చిట్టీ గూడ రాసిచ్చిన మొన్న, గా రెండు తీసెయ్యమని. తీయనంటడు."

మాస్టారు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టారు. "అంపైరు సైగ చెయ్యకుండా నేను తియ్యలేనండి. బ్యాట్స్‌మన్ చెప్పాడని రాస్తే అది స్కోరు పుస్తకం కాదు."

"సైగ చేసిండు మాస్టర్. మోకాలు పట్టుకున్నడు. నేను చూసిన."

మోకాలు అనగానే నేను పుస్తకాన్ని మెల్లగా నావైపు తిప్పుకున్నాను.

ఆ అంపైర్ అప్పటికే చనిపోయాడు. మంచివాడు, మోకాలి నొప్పి మనిషి. ఓవరుకి రెండుసార్లు కాలెత్తి మోకాలు రుద్దుకునేవాడు. లెగ్ బైకి సైగ కూడా అదే కదా, కాలెత్తి మోకాలిని చేత్తో తాకడం. ఆ రోజు పొద్దున ఆయన రుద్దుకున్నప్పుడల్లా నేను రుమాలు ఊపి, "లెగ్ బై మాస్టారూ" అన్నాను. లంచ్‌కి ఆయన కుంటుకుంటూ నేరుగా మా బల్ల దగ్గరికొచ్చి, "నా నొప్పిక్కూడా పరుగులిస్తావా నువ్వు?" అని అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. రాసిన రెండు ఎంట్రీలు కొట్టెయ్యాల్సొచ్చింది. అప్పట్నుంచీ నేను ఆ మోకాలిని లెక్కలోకి తీసుకోవడం మానేశాను.

సాయంత్రం మాస్టారి పెన్ను ఎండిపోయింది. ఆయన తల వంచి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, సీసాలోంచి ఇంకు పోసుకుంటున్నారు. అప్పుడే ఆ బంతి. ఇద్దరూ రెండు పరుగులు ఉరికారు. "ఎంతయ్యా?" అన్నారు మాస్టారు తలెత్తకుండా. నేను అంపైర్ వైపు చూశాను. మోకాలు పట్టుకుని, ఒంటికాలి మీద, మావైపే చూస్తూ నిలబడ్డాడు. పాపం, నొప్పి బాగా ఎక్కువైనట్టుంది అనుకున్నాను. ధైర్యం చెప్పినట్టుగా రుమాలు ఊపాను. ఆయన కాలు దించాడు. "రెండు మాస్టారూ. డబుల్!" అని అరిచి, లేచి రేకు అంకెలు మార్చాను. రెండు, సున్నా, సున్నా.

ఇది నాకు ఆ గదిలో అప్పటికప్పుడు గుర్తొచ్చిందని రాద్దామనుకున్నాను. మీరు నమ్మేవారు కూడా. కానీ నీలం అంకె చూసిన రోజే లోపలెక్కడో ఏదో కదిలింది. కదిలింది గనకే అంత ఆత్రంగా ఇంకొకడి కోసం వెతికాను. ఇది చదివే పిల్లలూ, మీరు రేపు ఉద్యోగాల్లో చేరతారు. ఆఫీసులో ఒకడు తెగ అనుమానిస్తూ తిరుగుతున్నాడంటే, వాడి సొరుగు కూడా ఒకసారి తీసి చూడండి.

ఇంకో సంగతి ఒప్పుకోవడం అంతకంటే కష్టమైంది. ఆ రోజు ఇంకా అరగంట ఆట ఉంది. బోర్డు మీద నూట తొంభై ఎనిమిది కనిపించి ఉంటే ఏ కెప్టెనూ డిక్లేర్ చేసేవాడు కాదు. అంత బాగా ఆడుతున్న మనిషికి ఇంకో రెండు పరుగులు ఎంతసేపు? నేను రాసి ఇచ్చానని ఊరంతా చెప్పుకున్న డబుల్ సెంచరీని, ఆయన దగ్గర్నుంచి లాక్కున్నది నేను.

డైరెక్టర్‌గారు నుదురు రుద్దుకున్నారు. "ఏదో ఒకటి తేలాలి. తప్పు జరిగిందని, ఎవరి వల్ల జరిగిందో రాసి సంతకం పెడితే స్కోరు దిద్దుతాం. నకలు క్రికెట్ అసోసియేషన్‌కి కూడా పంపాలి, రూలు. ఎవరూ రాయకపోతే ఈ ఫైలు మూసేస్తాను, బోర్డూ లేదు ఏమీ లేదు."

కిటికీలోంచి దూరంగా మౌలాలి గుట్ట కనిపిస్తోంది. మాస్టారు తన కొత్త పెన్నుని చూసుకుంటున్నారు. పెద్ద మ్యాచ్ స్కోరర్ల జాబితా వేసేది ఆ అసోసియేషనే, నకలు అక్కడికి వెళ్తే దాని అర్థమేంటో ఆ గదిలో అందరికీ తెలుసు.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. "తప్పు నాది సార్," అన్నాను. "మాస్టారు తల వంచి ఉన్నారు. సైగ చూసింది నేను, రుమాలు ఊపింది నేను, రెండని చెప్పింది నేను. కాగితం ఇట్లియ్యండి." రాసిచ్చాను. ఆటగాడు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. నా జీవితంలో చేసిన మంచి పని ఏదన్నా ఉంటే అదే.

నెల తిరక్కుండా బోర్డు ఎక్కింది. పేరు కింద '198 నాటౌట్'. పెయింటరు రెండుసార్లు వచ్చి అడిగాడు, "సార్, గిదే రాయాల్నా? రెండే గద తక్కువ!" అని. ఆవిష్కరణ రోజున ఆటగాడు అందరూ వెళ్లాక ఆగి, ఆ ఎనిమిది మీద వేలు పెట్టి చూసుకున్నాడు. "గిది నాది," అన్నాడు. అంతే. రెండేళ్ల కింద ఆయన పోయినప్పుడు, ఇంటి ముందు నిలబడ్డ జనంలో సగం మంది ఆ పప్పు కథ చెప్పుకుంటున్నారు. ఇప్పటికీ కొత్తగా వచ్చిన పిల్లలు ఆ బోర్డు చూసి నవ్వుతారు, నూట తొంభై ఎనిమిదికి బోర్డేంటని. నవ్వినవాళ్లకి ఈ కథ చెప్పండి.

ఆ పెద్ద మ్యాచ్‌కి మాత్రం ఎందుకో మాస్టారిని పిలవలేదు. జాబితాలోంచి ఆయన పేరు మాయమైంది. అసోసియేషన్‌లో ఏవో రాజకీయాలు. ఎవరో అడ్డుపడ్డారని నాకిప్పటికీ అనుమానం.

ఇంతవరకూ రాసి, అచ్చుకి ఇచ్చే ముందు ఒకసారి వినిపిద్దామని మొన్న లాలాపేట వెళ్లాను. మాస్టారికి చూపు తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి. వసారాలో కూర్చోబెట్టి మొత్తం చదివాను. వింటున్నంతసేపూ ఆయన వేళ్లు కుర్చీ చేతి మీద ఒక్కొక్కటే కదులుతూ ఉన్నాయి, బంతులు లెక్కపెడుతున్నట్టు. 'రాజకీయాలు' అన్న చోట, మజ్జిగ తెచ్చిన వాళ్లావిడ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. "ఆ తెల్లచొక్కా మడత కూడా విప్పలేదు అన్నయ్యగారూ," అంది. మాస్టారు చెయ్యెత్తి ఆవిణ్ని ఆగమన్నారు.

"బాగానే రాశావయ్యా," అన్నారు నాతో. "పప్పు కూడా బాగుంది. ఒక్క ఎంట్రీ తప్పు."

"యాడ మాస్టారూ?"

"నువ్వు లేచి నిలబడ్డానని రాశావే, అక్కడ. నువ్వు లేవలేదు. తప్పు నాదేనని ఆ కాగితం రాసింది నేను, సంతకం నాది. నేను సంతకం పెట్టాక నువ్వు అటెండర్ని పిలిచి అందరికీ టీ తెప్పించావు. అది రాయి."